లోపల వదిలిన అంగుళం

"పనైపోయిందండి" అనే మాట మా వైపు పనివాళ్ళ నోట తరచు వింటూంటాం. తాపీ మేస్త్రి తాపీ కడుక్కుంటూ అంటాడు. వడ్రంగి ఉలీ సుత్తీ సంచిలో వేసుకుంటూ అంటాడు. ప్లంబరు చివరి కుళాయి తిప్పి చూపించి అంటాడు. ఆ మాట అనేసి డబ్బులు లెక్క చూసుకుని వెళ్ళిపోతారు. అందులో తప్పేమీ లేదు. పనికి ఒక ముగింపు లేకపోతే కూలి లెక్క కట్టడమే కుదరదు. అయితే ఆ ముగింపు తర్వాత లోపం బయటపడితే? గోడ నెర్రె ఇస్తే, కుట్టు ఊడితే, స్లాబు పెచ్చు రాలితే, దానికి జవాబు చెప్పవలసింది ఎవరు? ఎంతకాలం? ఎవరి ఖర్చుతో? ఈ ప్రశ్నలకి ఇంజనీర్లూ వకీళ్ళూ తమ తమ భాషల్లో జవాబులు రాసుకున్నారు. ఆడవాళ్ళ వైపు నించి ఈ ప్రశ్న అడిగినవాళ్ళు తక్కువ. నాకు తెలిసిన రెండు పనుల్లోంచి దాన్ని అడిగి చూద్దామని ఈ ప్రయత్నం. ఒకటి ఏలూరులో మా ఇల్లు కట్టిన పని. రెండోది తాడేపల్లిగూడెంలో మా అక్క వాళ్ళ వీధిలో ఒకావిడ చేసే కుట్టుపని.

మా ఇల్లు ఏలూరుకి దక్షిణంగా, ఊరు అయిపోయి కొల్లేరు వైపు పొలాలు మొదలయ్యే చోట ఉంది. అక్కడంతా నల్లరేగడి. ఈ నేల గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాతి గొడవ అర్థం కాదు. నల్లరేగడి నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోతుంది. మే నెలలో మా వైపు చేలల్లో అరచెయ్యి దూరేంత నెర్రెలు కనిపిస్తాయి. అదే నేల కింద పునాది ఉన్నప్పుడు, ఇంటి అంచుల దగ్గర మట్టి ముందు ఎండి కుంగుతుంది, ఇంటి మధ్యలో తడి ఉండిపోతుంది. అప్పుడు గోడ సమంగా దిగదు. కిటికీ మూలల దగ్గర ఏటవాలుగా చీలుతుంది. వానలు పడ్డాక ఆ చీలిక సన్నబడుతుంది, మళ్ళీ వేసవికి నోరు తెరుస్తుంది. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. ఇలాంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ దశాబ్దాల కిందటే, అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బి ఉండే పైల్ పునాదుల పద్ధతిని తయారుచేసింది. అంత ఖర్చు పెట్టలేనివాళ్ళు రేగడి తవ్వి తీసేసి లోతుగా ఇసక నింపిస్తారు. ఇంటి చుట్టూ నాలుగడుగుల వెడల్పున గచ్చు చేయించి, గోడ మొదట్లోకి నీళ్ళు దిగకుండా చూసుకుంటారు.

పునాదులు తవ్వుతున్న రోజుల్లో తట్ట మోసే ఆడకూలీల్లో ఒకావిడ కొల్లేటి లంక నించి వచ్చేది. తవ్విన మట్టి చేత్తో నలిపి చూసి మేస్త్రితో అంది, "ఇది నెర్రెలిచ్చే మట్టండీ మేస్త్రిగారూ, ఇసక ఇంకో రెండడుగులు పోయించండి. మా లంకలో ఇలాగే కట్టిన బడి గోడ చీలిపోయింది" అని. మేస్త్రి నవ్వి "నువ్వు తట్ట మొయ్యి, పునాది సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు. మా వైపు కట్టుబడి పనుల్లో ఆడవాళ్ళు మాలు కలుపుతారు, ఇటుకలు అందిస్తారు, ఇసక జల్లెడ పడతారు. ఇరవయ్యేళ్ళు ఆ పనిలో ఉన్నా తాపీ చేతికి రాదు. తాపీ చేతికి రాకపోతే మాటకి విలువ రాదు. కూలి కూడా మగవాళ్ళ కంటే తక్కువే. సమాన వేతన చట్టం 1976లో వచ్చినా ఆ చట్టం ఇసక గుట్టల దాకా నడిచి రాలేదు.

2013లో గృహప్రవేశం అయింది. 2014 మే నెలలో పడమటి గది కిటికీ మూల నించి ఏటవాలుగా చీలిక వచ్చింది. మేస్త్రిని పిలిపించాం. ఆయన చూసి ప్లాను గీసిన ఇంజనీరునడగమన్నాడు. ఇంజనీరు నేల లక్షణమన్నాడు. సిమెంటు కొట్టాయన మాలు పాళ్ళు తప్పి ఉంటాయన్నాడు. ముగ్గురూ ఒకరి మీద ఒకరు చెప్పుకుని, చివరికి ఒక్క మాట మీదికి వచ్చారు. "ఇంట్లో ఆడవాళ్ళు నీళ్ళు సరిగ్గా కొట్టి ఉండరండి."

ఇల్లు కట్టుకున్న ఆడవాళ్ళందరికీ ఈ నీళ్ళు కొట్టడం అనుభవమే. కాంక్రీటూ సిమెంటు గోడా గట్టిపడాలంటే కొన్నాళ్ళు తడి ఆరకూడదు. భారతీయ ప్రమాణాల సంస్థ 2000లో సవరించిన కాంక్రీటు ప్రమాణం ప్రకారం మామూలు సిమెంటుకి కనీసం 7 రోజులు, మిశ్రమ సిమెంటుకి 10 రోజులు. ఇది కట్టడంలో భాగమైన పని. సరిగ్గా జరగకపోతే బలం రాదు. అయినా లేబరు కాంట్రాక్టు మాట్లాడుకునేటప్పుడు చదరపు అడుగుకి ఇంత అని చెప్పుకునే రేటులో ఇది చాలాసార్లు ఉండదు. "నీళ్ళు మీరే కొట్టుకోవాలండి" అంటారు. "మీరు" అంటే ఇంటాయన అని కాదు, ఆయన పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళిపోతాడు. మా ఇంట్లో ఆ "మీరు" మా అత్తయ్యగారు. అప్పటికి ఆవిడకి అరవై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళ నెప్పులు. స్లాబు మీద మళ్ళు కట్టి నిలబెట్టిన నీళ్ళు ఇంకిపోకుండా చూడడం, స్తంభాలకి చుట్టిన గోనెపట్టాలు పొద్దునా సాయంత్రం తడపడం, గోడలకి పైపు పట్టడం. పది రోజులు చాలన్నా ఇరవై రోజులు చేసింది.

సాంకేతికంగా ఆ ఆరోపణ నిలవదు. నీళ్ళు చాలకపోతే ప్లాస్టరింగు మీద సాలెగూడులాంటి సన్నని పగుళ్ళు వస్తాయి, పైపొర పొడిపొడిగా రాలుతుంది. ఇటుక వరసల్ని కూడా కోసుకుంటూ కిటికీ మూల నించి ఏటవాలుగా వెళ్ళి, వేసవికి తెరుచుకుని వానాకాలం మూసుకునే చీలిక పునాది కదలికకి గుర్తు. సివిల్ ఇంజనీరింగు చదివే పిల్లలకి కూడా తెలిసిన విషయం ఇది. మేస్త్రికి తెలియదా? తెలుసు. కానీ నింద మోయడానికి ఇంట్లో ఒక మనిషి సిద్ధంగా ఉంది. ఆవిడ చేసిన పనికి కూలి లేదు, లెక్క లేదు, ఫలానా రోజున ఫలానా గంటకి తడిపానని చూపించే కాగితం లేదు. ఋజువు లేని పని మీదికి ఏ లోపాన్నయినా నెట్టెయ్యొచ్చు.

దాన్ని ఆవిడ నమ్మింది, అదే నాకు బాధ. నేను ఎన్నిసార్లు వివరించినా "ఆ కార్తీక సోమవారం గుడికెళ్ళి ఒక పూట కొట్టలేదే, అందుకేనేమో" అనేది. 2017లో పోయేదాకా ఆ చీలిక వైపు చూసినప్పుడల్లా ఆవిడ మొహం మారిపోయేది. ఇసక తగ్గించి పునాది వేసిన మేస్త్రి అప్పటికి ఇంకో పది ఇళ్ళు కట్టి ఉంటాడు.

ఇక గూడెంలో కుట్టుపని చేసే ఆవిడ సంగతి. మా అక్క వాళ్ళ వీధిలో ముందుగదిలో మిషను వేసుకుని ముప్ఫయ్యేళ్ళుగా జాకెట్లు కుడుతోంది. ఆవిడ పని పద్ధతి నేను చాలాసార్లు కూర్చుని చూశాను. లైనింగు గుడ్డ రాత్రంతా నీళ్ళలో నానబెట్టి ఆరేస్తే గానీ కత్తెర పెట్టదు. లేకపోతే మొదటి ఉతుకులోనే లైనింగు ముడుచుకుని పైగుడ్డని లాగేస్తుంది. రంగు వదిలే గుడ్డయితే ముందే ఒక మూల తడిపి చూపించి చెబుతుంది. రెండు పక్కలా లోపల అంగుళం గుడ్డ వదిలి కుడుతుంది. ఆ అంగుళం పైకి కనిపించదు. రెండేళ్ళ తర్వాత, కాన్పు తర్వాత, జబ్బుపడి లేచాక, ఒళ్ళు మారినప్పుడు ఆ అంగుళమే జాకెట్టుని బతికిస్తుంది. గుడ్డ మిగుల్చుకుందామనుకున్నవాళ్ళు దాన్ని వదలరు. పని అయిపోయిన తర్వాత రాబోయే లోపానికి బాధ్యత అంటే ఏమిటని నన్నడిగితే ఆ అంగుళాన్ని చూపిస్తాను. ఫిర్యాదు వచ్చాక ఇచ్చే జవాబు కంటే ముందే, కత్తెర పట్టుకున్నప్పుడే, ఆ బాధ్యత మొదలవుతుంది.

ఆవిడ లోపాల్ని మూడు రకాలుగా విడదీస్తుంది. చేతి తప్పు, సరుకు తప్పు, వాడకం తప్పు. కుట్టు ఊడిందంటే చేతి తప్పు, అయిదేళ్ళయినా ఉచితంగా వేసిస్తానంటుంది. గుడ్డ నాసిరకమైతే అమ్మినవాణ్ణి అడగాలి. వేడి నీళ్ళలో పట్టు జాకెట్టు నానబెడితే అది వాడకం. ఈ విభజన ఆవిడ ఏ పుస్తకంలోనూ చదవలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వస్తువుల లోపాల గురించి చేసింది కూడా ఇంచుమించు ఇదే. తయారు చేసినవాళ్ళ బాధ్యత, సేవ అందించినవాళ్ళ బాధ్యత, అమ్మినవాళ్ళ బాధ్యత అని విడివిడిగా రాసి, కొన్నవాళ్ళు దుర్వినియోగం చేస్తే మినహాయింపు ఇచ్చింది.

కానీ ఆ విభజన ఆవిడ విషయంలో ఎవరూ ఒప్పుకోరు. కొన్నేళ్ళ కిందట ఒక పెళ్ళిలో పెళ్ళికూతురి జాకెట్టు చేతి దగ్గర చీలింది. కుట్టు చెక్కుచెదరలేదు, కుట్టు పక్కన పట్టే బీటలు వారింది. బరువు కోసం రసాయనాలు పట్టించిన పట్టు అలాగే చీలుతుంది. అయినా వాళ్ళు పట్టుగుడ్డ ఖరీదు ఈవిడ దగ్గర వసూలు చేశారు. కుట్టుకూలి నూట యాభై, కట్టింది నాలుగు వేలు. గుడ్డ అమ్మిన పెద్ద దుకాణానికి వెళ్ళి అడగడానికి వాళ్ళకి నోరు రాలేదు. బిల్లు మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చువేసి ఉందట. ఈవిడకి బిల్లు పుస్తకం లేదు. అదే పని బజారులో బోర్డు పెట్టుకున్న మగ టైలరు చేస్తే ఇంతకి తెగించేవారా? "ఇంట్లో కూర్చుని కుట్టుకునేదే గదా" అనేమాట ఆ రోజు నేను విన్నాను.

ఆ మాట వింటే మరియా మీస్ గుర్తొచ్చింది. గూడెం ఉన్న పశ్చిమ గోదావరి జిల్లాలోనే నరసాపురం ప్రాంతంలో లేసు అల్లే స్త్రీల మీద ఆమె చేసిన అధ్యయనం 1982లో పుస్తకంగా వచ్చింది. రోజుకి ఆరేడు గంటలు అల్లి, విదేశీ మార్కెట్టుకి సరుకు తయారు చేసే స్త్రీలని గృహిణులుగా, వాళ్ళ పనిని తీరిక వేళల కాలక్షేపంగా చూడడం మీదే ఆ వ్యాపారం నిలబడిందని ఆమె చూపించింది. తీరిక వేళ పని అన్నప్పుడు కూలి తగ్గుతుందన్న సంగతి మనం చాలాకాలంగా మాట్లాడుకుంటున్నాం. దానికి ఇంకో వైపు కూడా ఉంది. పని అని ఒప్పుకోనప్పుడు దానికి ముగింపు కూడా ఒప్పుకోరు. కూలి తక్కువ, పూచీ మాత్రం జీవితాంతం.

కూలే లేని పనిలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. వినియోగదారుల చట్టం 1986 నించీ "సేవ" నిర్వచనంలోంచి ఉచితంగా చేసే సేవని మినహాయించింది. చట్టం వరకు అది సమంజసమే కావచ్చు. ఇళ్ళల్లో మాత్రం లెక్క తలకిందులుగా ఉంటుంది. ఉచితంగా చేసిన పనికే గడువు లేని గ్యారంటీ అడుగుతారు. ఇరవై అయిదేళ్ళ కొడుకు తాగి వస్తే, కోడలికి కూర వండడం రాకపోతే, కూతురు పెళ్ళి వద్దంటే, అందరూ వెతికేది పెంచిన తల్లినే. "పెంపకం" అనే మాట మన భాషలో ఎక్కువగా లోపం బయటపడినప్పుడే వినిపిస్తుంది. పిల్లాడు కలెక్టరయితే వాడి తెలివి.

మరి మగవాళ్ళ పనుల్లో గడువుని ఎలా రాసుకున్నారో చూడండి. ప్రభుత్వ కట్టడాల కాంట్రాక్టుల్లో లోపాల బాధ్యతా కాలం అని ఒకటి ఉంటుంది. బిల్లులో కొంత శాతం ఆ కాలం ముగిసేదాకా పట్టి ఉంచుతారు. ఫ్లాట్లు కొనుక్కునేవాళ్ళకి 2016 రియల్ ఎస్టేట్ చట్టం 14వ సెక్షను ఉంది. స్వాధీనం చేసిన తేదీ నించి 5 సంవత్సరాల లోపల కట్టడంలో గానీ పనితనంలో గానీ లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో ప్రమోటరు తన ఖర్చుతో సరిచెయ్యాలి, లేకపోతే పరిహారం ఇవ్వాలి. సొంత స్థలంలో మేస్త్రితో కట్టించుకునే మనబోటివాళ్ళకి ఈ సెక్షను వర్తించదు. అయితే ఇంటి నిర్మాణం కూడా సేవేనని లక్నో అభివృద్ధి సంస్థ కేసులో 1993లో సుప్రీంకోర్టు చెప్పింది. జిల్లా వినియోగదారుల కమిషన్లో మనం ఉన్న చోటే ఫిర్యాదు చెయ్యొచ్చు. రెండేళ్ళ లోపల చెయ్యాలి. 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు. ఇవన్నీ తెలుసుకోవలసినవే. కానీ అన్నిటికీ కాగితం కావాలి. మా మేస్త్రి ఒప్పందమంతా నోటిమాట.

మేస్త్రిని దుర్మార్గుడిగా చూపించడం నా ఉద్దేశం కాదు. చదరపు అడుగుకి ఇంకొకడి కన్నా పది రూపాయలు తగ్గించి పని పట్టుకున్న మనిషి. తిరిగొచ్చి చూడడానికి అయ్యే ఖర్చు ఆ రేటులో ఎక్కడా లేదు. కాబట్టి తప్పించుకున్నాడు. తన మీద పడినదాన్ని తన కంటే కింద ఉన్నవాళ్ళ మీదికి తోశాడు. అలా తోసుకుంటూ వెళ్తే అట్టడుగున ఒక ఆడమనిషి ఉంటుంది.

ఇది ఒక ఇంటికీ ఒక వీధికీ పరిమితమైనది కాదని ఆ లంక నించి వచ్చే ఆవిడ మాటల్లో తెలిసింది. "మా గట్లు కొట్టేసిన ఏడాది నించి ఈ తట్ట పనికొచ్చానండమ్మా" అంది. 1970లలో కొల్లేరులో సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు తవ్వుకోమని ప్రోత్సహించింది ప్రభుత్వమే. తర్వాత డబ్బున్నవాళ్ళు దిగారు, చెరువులు సరస్సుని మింగేశాయి, వరద నీటికి దారి మూసుకుపోయింది. ఆ పని లోపం బయటపడ్డాక 1999లో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు కొట్టేశారు. సరస్సు బతకాలి, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ దిద్దుబాటు ఖర్చు ఎవరు కట్టారు? చెరువుల మీద లాభాలు తీసుకున్నవాళ్ళు వేరే చోట చెరువులు చూసుకున్నారు. గట్ల మీద రోజుకూలి చేసుకున్న ఆవిడ ఏలూరొచ్చి ఇసక జల్లెడ పట్టింది.

2018లో మా గోడ బాగుచేయించాం. ఈసారి వేరే మేస్త్రి. ఒక కాగితం రాసుకున్నాం. మొత్తంలో పదోవంతు రెండు వేసవులు గడిచేదాకా మా దగ్గర ఉంటుంది, ఆ లోపల చీలిక వస్తే వచ్చి చూడాలి. ఆయన "అలాగైతే రేటు పెంచాలండి, రెండుసార్లు రావాలిగదా" అన్నాడు. న్యాయమే, పెంచాం. ఇంటి చుట్టూ గచ్చు వేయించాం, వాడకం నీళ్ళు గోడకి దూరంగా మళ్ళించాం. కాగితంలో ఇంకో గడి కూడా పెట్టాను. "నీళ్ళు కొట్టడం, 10 రోజులు, రెండు పూటలా" అని. దానికి కూలి కట్టి, పనికొచ్చిన ఆవిడ పేరు రాసి, రోజూ తేదీ వేశాం. మరుసటి మే నెలలో వెంట్రుకవాసి గీత ఒకటి కనిపించింది. మేస్త్రి వచ్చి చూశాడు. పునాది ఇంకా సర్దుకుంటోందని చెప్పి, గీత పూడ్చి వెళ్ళాడు. నీళ్ళ సంగతి ఎత్తలేదు. ఎత్తడానికి వీలు లేదు, కాగితంలో ఉంది.

దీన్ని పెద్ద విజయంగా చెప్పడం లేదు. ఇందులోంచి నాకు అర్థమైనది ఒక్కటే. రాబోయే లోపానికి పూచీ పడడం కూడా పనే. దానికి సమయం పడుతుంది, సరుకు పడుతుంది, మళ్ళీ వచ్చి చూసే ఓపిక కావాలి. కాబట్టి దానికి ధర ఉండాలి, గడువు ఉండాలి, చేసినవాళ్ళ పేరు ఉండాలి. మగవాళ్ళ పెద్ద పనుల్లో ఇవి మూడూ ఉన్నాయి. ఆడవాళ్ళ పనుల్లో పూచీ ఒక్కటే ఉంది.

పోయినసారి గూడెం వెళ్ళినప్పుడు ఆ కుట్టుపని ఆవిడ మిషను వెనక గోడకి ఒక అట్ట తగిలించి ఉంది. వాళ్ళ అమ్మాయి చేత రాయించిందట. కుట్టు ఊడితే ఎప్పుడైనా ఉచితం, ఒళ్ళు మారితే వదులు చెయ్యడానికి నలభై రూపాయలు, గుడ్డ చీలితే గుడ్డ కొన్న చోట అడగాలి. అట్ట పెట్టాక ఇద్దరు ముగ్గురు అలిగి వెళ్ళిపోయారట. "పోనీయండి, ఉన్నవాళ్ళు చదువుకునే గుడ్డ ఇస్తున్నారు" అంది, చెయ్యి ఆపకుండానే. అట్ట మీద అడుగున ఇంకో వాక్యం ఉంది: లోపల అంగుళం వదిలి కుట్టినందుకు అయిదు రూపాయలు ఎక్కువ.

ఇవ్వవలసిన డబ్బు.